విభావం లేని భావం: నైరూప్య నీటిరంగు చిత్రాల చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

గుర్తుపట్టగల ఆకారం ఏదీ లేని చిత్రం చూసేవారిలో ఒక మనఃస్థితిని ఎలా కలిగిస్తుంది? ఈ ప్రశ్నకు నీటిరంగు చిత్రాల చరిత్రలో సమాధానం వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం. టర్నర్ వర్ణపత్రాలు, 1871 నాటి జార్జియానా హౌటన్ ప్రదర్శన, కాండిన్‌స్కీ నీటిరంగు చిత్రం చుట్టూ సాగిన తేదీ వివాదం, 1922 కలకత్తా ప్రదర్శన – ఈ నాలుగు సందర్భాలను భారతీయ రససిద్ధాంత పరిభాషతో పరిశీలించడం జరిగింది. నైరూప్య చిత్రంలో విభావం లోపించినా అనుభావం మిగిలి ఉంటుందనీ, లోపించిన విభావం స్థానాన్ని చిత్రంతో పాటు నడిచే మాట ఆక్రమిస్తుందనీ, ఏ మాటకు ఆనాటి సమాజంలో గౌరవం ఉందన్న దాన్ని బట్టే చిత్రకారులకు చరిత్రలో స్థానం లభించిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నైరూప్య చిత్రకళ, నీటిరంగు, విభావం, అనుభావం, ఆక్షేపం, హౌటన్, కాండిన్‌స్కీ, వాష్ పద్ధతి.

1. ఉపోద్ఘాతం

భరతుడి నాట్యశాస్త్రం ప్రకారం విభావ, అనుభావ, వ్యభిచారి భావాల కలయిక వల్ల రసం నిష్పన్నమవుతుంది. భావానికి కారణమైనది విభావం. ఆ భావం శరీరంలో వ్యక్తమైన తీరు అనుభావం. రసాన్ని దాని పేరుతోనే చెప్పడాన్ని మమ్మటుడు కావ్యప్రకాశంలో దోషంగా పరిగణించాడు. శోకం అన్న మాట రాసినంత మాత్రాన శోకం కలగదు. దానికి ఒక మరణమో, ఒక వియోగమో, దాని ముందు నిలిచిన ఒక మనిషో కావాలి.

చిత్రకళకు కూడా ప్రాచీనులు ఇదే నియమాన్ని వర్తింపజేశారు. కామసూత్రాలకు యశోధరుడు రాసిన జయమంగళ వ్యాఖ్యలో కనిపించే చిత్ర షడంగాలు రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం. ఈ వరుసలో రూపం తరువాతే భావం వస్తుంది. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం చిత్రానికి తొమ్మిది రసాలు చెప్పినా, వాటిని చిత్రించవలసిన తీరును మనుషులు, వారి చేష్టలు, వేషం, సందర్భం ఆధారంగానే వివరించింది.

ఈ దృష్టితో చూస్తే నైరూప్య చిత్రం ఒక సిద్ధాంత సమస్య. అందులో నాయకుడు లేడు, ఉద్యానం లేదు, చంద్రోదయం లేదు. అంటే ఆలంబనమూ లేదు, ఉద్దీపనమూ లేదు. అయినా దాని ముందు నిలబడినవారు దిగులనో, ప్రశాంతత అనో, కలవరమనో తమ అనుభవానికి పేరు పెడుతున్నారు. ఆ భావానికి ఆధారమేది? సిద్ధాంతపరంగా అడగదగిన ఈ ప్రశ్నను చరిత్ర కూడా పదేపదే అడిగింది. ప్రతిసారీ ఇచ్చిన జవాబును బట్టి కొందరు చిత్రకారులు వెలుగులోకి వచ్చారు, కొందరు మరుగున పడ్డారు.

2. నీటిరంగు స్వభావం, స్థానం

నీటిరంగులో వర్ణద్రవ్యాన్ని పట్టి ఉంచేది తుమ్మబంక. దాన్ని కరిగించి నడిపేది నీరు. తైలవర్ణం పొర మీద పొరగా కప్పుతుంది. కింది పొరలోని తప్పును పై పొర దాచగలదు. నీటిరంగు పారదర్శకం. కాగితపు తెలుపే అందులో వెలుగు. కింద పడిన ప్రతి గీతా పైకి కనిపిస్తూనే ఉంటుంది. తడి కాగితం మీద రంగు పెడితే అంచులు చెదిరి వ్యాపిస్తాయి. పొడి కాగితం మీద పెడితే గట్టి అంచు నిలుస్తుంది. సగం ఆరిన రంగులోకి మళ్లీ నీరు చేరితే పువ్వు రేకుల వంటి మరక ఏర్పడుతుంది. చేయి ఎంత వేగంగా కదిలింది, ఎక్కడ ఆగింది, ఎంత నీరు పట్టింది అన్నవన్నీ ఆరిన తరువాత కూడా కాగితం మీద చదవవచ్చు.

రసపరిభాషలో దీనికి దగ్గరగా వచ్చేది అనుభావం. స్తంభం, స్వేదం, వేపథువు, వైవర్ణ్యం వంటి సాత్త్విక భావాలు కూడా లోపలి స్థితి శరీరం మీద విడిచిన జాడలే. ఈ పోలికకు ఒక పరిమితి ఉంది. కావ్యంలో అనుభావం పాత్రకు చెందినది. నైరూప్య చిత్రంలో అది చిత్రించిన చేతికి, తడిసిన కాగితానికి చెందుతుంది. ఈ భేదాన్ని గుర్తుంచుకుంటూనే, విభావం తొలగిన చిత్రంలో మిగిలేది అనుభావం అని చెప్పవచ్చు.

కానీ అనుభావం ఒక్కటే ఉంటే అర్థం నిశ్చయం కాదని మమ్మటుడు ముందే హెచ్చరించాడు. కన్నీరు శృంగారంలోనూ ఉండవచ్చు, కరుణలోనూ ఉండవచ్చు, భయానకంలోనూ ఉండవచ్చు. మూడింటిలో ఒకటే కనిపించిన చోట తక్కినవి ఆక్షేపం వల్ల, అంటే సందర్భాన్ని బట్టి ఊహించుకోవడం వల్ల, సమకూరుతాయని కూడా ఆయన చెప్పాడు. నైరూప్య చిత్రాన్ని చూసేవారు చేసే పని ఇదే. కాగితం మీది జాడను చూసి దానికి తగిన కారణాన్ని తామే సమకూర్చుకుంటారు. ఆ సమకూర్చడానికి దారి చూపేదేమిటన్నది అసలు ప్రశ్న.

ఇక్కడ నీటిరంగుకు యూరప్‌లో ఉన్న సామాజిక స్థానాన్ని కూడా గమనించాలి. తైలవర్ణ చిత్రం పూర్తి రచనగానూ, నీటిరంగు దానికి ముందటి చిత్తుగానూ చెలామణి అయ్యేవి. రాయల్ అకాడమీ ప్రదర్శనల్లో తగిన స్థానం దొరకక ఇంగ్లండులోని నీటిరంగు చిత్రకారులు 1804లో సొంత సంఘం పెట్టుకోవలసి వచ్చింది. అయితే చిత్తుకు ఒక స్వేచ్ఛ ఉంటుంది. అలెగ్జాండర్ కోజెన్స్ 1780ల మధ్యలో ప్రచురించిన పుస్తకంలో కాగితం మీద సిరా మరకలు వేసి, వాటినుంచి ప్రకృతి దృశ్యాన్ని ఊహించే పద్ధతిని బోధించాడు. ఆ పద్ధతిలో మరక ముందు, కొండ తరువాత. రూపం లేని దశకు ఒక బోధనా విలువ ఏర్పడింది. అయితే అది ఇంకా గమ్యం కాలేదు.

3. టర్నర్: మాట లేని పత్రాలు

జె.ఎం.డబ్ల్యు. టర్నర్ 1851లో మరణించాక ఆయన చిత్రాలు, చిత్తుపుస్తకాలు, విడి కాగితాలు 1856లో బ్రిటిష్ జాతి ఆస్తిగా మారాయి. వాటిలో వేలకొద్దీ కాగితాలున్నాయి. కొన్నింటిలో రెండు మూడు రంగుల పట్టీలు తప్ప మరేమీ కనిపించదు. ఆకాశమో సముద్రమో అనుకోవచ్చు. ఏదీ కాదనుకోవడానికీ అడ్డు లేదు. టర్నర్ వాటిని తన జీవితకాలంలో ప్రదర్శించలేదు, వాటికి పేర్లూ పెట్టలేదు. 1909లో వెలువడిన సూచీలో ఎ.జె. ఫిన్‌బర్గ్ ఇటువంటి కాగితాల సముదాయానికి ‘వర్ణారంభాలు’ అనే అర్థం వచ్చే శీర్షిక పెట్టాడు.

ఈ శీర్షిక ఒక వ్యాఖ్యానం. ఆరంభం అంటే ముందు మరేదో ఉందని అర్థం. ఆ మాట ప్రకారం చూసేవారికి అవి పూర్తికాని ప్రకృతి చిత్రాలు. 20వ శతాబ్దంలో నైరూప్య చిత్రాలకు అలవాటుపడిన కళ్లకు అవే కాగితాలు స్వయంసంపూర్ణమైన రచనలుగా కనిపించాయి. కాగితం మారలేదు, రంగు మారలేదు. చూసేవారు ఆక్షేపించిన విభావం మారింది. టర్నర్ మౌనం రెండు పాఠాలకూ చోటిచ్చింది. అయితే ఆయనను నైరూప్యకళకు ఆద్యుడనడానికి ఆ మౌనం చాలదు. ప్రదర్శించని కాగితాన్ని చిత్రకారుడి ఉద్దేశంగా భావించడం సరికాదు.

4. హౌటన్: తిరస్కారానికి గురైన మాట

టర్నర్ విషయంలో లేని ఉద్దేశం, ప్రదర్శన, వివరణ మూడూ జార్జియానా హౌటన్ విషయంలో ఉన్నాయి. ఆమె 1814లో కానరీ దీవుల్లో పుట్టి, లండన్‌లో జీవించి, 1884లో మరణించింది. చెల్లెలి మరణం తరువాతి కాలంలో ఆత్మలతో సంభాషణను నమ్మే స్పిరిచువలిజం వైపు ఆమె మొగ్గింది. 1861 నుంచి ఆత్మల ప్రేరణతో వేస్తున్నానని చెబుతూ నీటిరంగు చిత్రాలు గీయసాగింది.

ఆ చిత్రాల్లో అధికభాగం ఒకదానిపై ఒకటి అల్లుకున్న సన్నని వంపు గీతలు, సుడులు, పలుచని రంగు పొరలు. కొన్ని మొదట్లో పూలుగా, పండ్లుగా గుర్తుపట్టగలిగినవే. క్రమంగా ఆ పోలిక కూడా పోయింది. టర్నర్ కాగితాల్లో నీరు వ్యాపించే తీరు ముఖ్యం. హౌటన్ చిత్రాల్లో గీత ఆగకుండా సాగే తీరు ముఖ్యం. నీటిరంగు పారదర్శకత వల్ల కింది గీతలన్నీ పైకి కనిపిస్తూ, లోతు తెలియని ఒక కదలిక ఏర్పడుతుంది. ఇక్కడ కూడా కనిపించేది చేతి జాడే.

1871లో లండన్‌లోని ఓల్డ్ బాండ్ స్ట్రీట్‌లో ఆమె స్వయంగా ఒక గ్యాలరీని అద్దెకు తీసుకొని 155 చిత్రాలను ప్రదర్శించింది. వివరణలతో కూడిన చిత్రపట్టికను తానే సిద్ధం చేసింది. చాలా చిత్రాల వెనుక వాటి అర్థాన్ని, ప్రేరేపించిన ఆత్మల పేర్లను రాసింది. కొద్దిమంది విమర్శకులు ఆసక్తి చూపినా ఎక్కువమంది పరిహసించారు. చిత్రాలు దాదాపుగా అమ్ముడుపోలేదు. ఆ ప్రదర్శన ఆమెను ఆర్థికంగా కుంగదీసింది. మిగిలిన చిత్రాల్లో ఎక్కువ భాగం ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరానికి చేరి, అక్కడి స్పిరిచువలిస్టుల సంఘం అధీనంలో ఉండిపోయాయి. 2016లో లండన్‌లోని కోర్టాల్డ్ గ్యాలరీ వాటిని ప్రదర్శించేదాకా చిత్రకళా చరిత్రలో ఆమె ప్రసక్తి చాలా తక్కువ.

ఈ తిరస్కారానికి మూడు కారణాలు కలిసివచ్చాయి. ఆమె మహిళ. ఆమె వాడినది చిన్నచూపుకు గురైన మాధ్యమం. మూడవది, ఈ వ్యాసానికి ముఖ్యమైనది, ఆమె తన చిత్రానికి సమకూర్చిన విభావం. ఆ విభావం ఆత్మల లోకం. దాన్ని నమ్మినవారికి చిత్రం భక్తిభావం కలిగించింది. నమ్మనివారికి వివరణతో పాటు చిత్రం కూడా కొట్టివేయదగినదిగా తోచింది. అనుభావాన్ని వివరణ నుంచి వేరుచేసి చూడగల దృష్టి అప్పటికి ఏర్పడలేదు.

స్వీడన్‌కు చెందిన హిల్మా అఫ్ క్లింట్ (1862–1944) విషయంలో ఇదే సమస్య మరో రూపంలో కనిపిస్తుంది. 1906 నుంచి ఆమె నైరూప్య చిత్రాలు వేసింది. 1922 నుంచి తడి కాగితం మీద నీటిరంగు వ్యాపించే చిన్న చిత్రాల వైపు మళ్లింది. సమకాలీనులు తన చిత్రాలను అర్థం చేసుకోలేరని భావించి, మరణానంతరం 20 ఏళ్ల వరకు వాటిని ప్రదర్శించవద్దని కోరింది. తన చిత్రాలకు తగిన పాఠకులు పుట్టలేదని ఒక చిత్రకారిణి తీసుకున్న నిర్ణయమిది.

5. కాండిన్‌స్కీ: ఆమోదం పొందిన మాట

పారిస్‌లోని పాంపిడూ కేంద్రంలో వాసిలీ కాండిన్‌స్కీ గీసిన, పేరు లేని ఒక నీటిరంగు చిత్రం ఉంది. పెన్సిల్, నీటిరంగు, సిరాతో వేసిన ఆ కాగితం సుమారు 50 సెంటీమీటర్ల ఎత్తు, 65 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. దాని మీద 1910 అన్న తేదీ ఉంది. దీర్ఘకాలం పాటు ఇది మొట్టమొదటి నైరూప్య నీటిరంగు చిత్రంగా పాఠ్యపుస్తకాల్లో నిలిచింది. అయితే పలువురు పరిశోధకులు దీన్ని 1913లో ఆయన వేసిన ‘ఏడవ కంపోజిషన్’ అనే పెద్ద తైలవర్ణ చిత్రానికి సిద్ధపరిచిన చిత్తుగా భావిస్తున్నారు. రెండింటి కూర్పులో ఉన్న దగ్గరితనం వారి ఆధారం. తేదీని చిత్రకారుడు తరువాత వేసి ఉంటాడని వారి అభిప్రాయం.

ఈ వివాదంలో మూడేళ్ల తేడా కన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. 1913 వాదం నిజమైతే, ‘మొదటి నైరూప్య నీటిరంగు’ కూడా టర్నర్ కాగితాల వలె ఒక పెద్ద తైలచిత్రానికి ముందటి చిత్తు. చిత్తుకు ఉన్న స్వేచ్ఛే ఇక్కడ కూడా పనిచేసింది. కానీ ఫలితం వేరు. టర్నర్ కాగితం ‘ఆరంభం’గా నమోదైతే, కాండిన్‌స్కీ కాగితం ‘మొదటిది’గా నమోదైంది.

ఆ తేడాకు కారణం ఒక పుస్తకం. కళలోని ఆధ్యాత్మికతను గురించి కాండిన్‌స్కీ రాసిన గ్రంథం 1911 డిసెంబరులో మ్యూనిక్‌లో వెలువడింది. రంగు ఆత్మను నేరుగా కదిలిస్తుందనీ, కళాకారుడు అంతరంగపు ఆవశ్యకతకు మాత్రమే కట్టుబడాలనీ అందులో ఆయన వాదించాడు. సంగీతం వస్తువును అనుకరించకుండానే భావాన్ని కలిగిస్తున్నప్పుడు రంగు ఎందుకు కలిగించలేదన్నది ఆయన తర్కం. దివ్యజ్ఞాన సమాజపు ఆలోచనలు కూడా ఆ పుస్తకంలో ప్రస్తావనకు వచ్చాయి. అంటే ఆయన మాటకూ, హౌటన్ మాటకూ మధ్య ఉన్న దూరం అనుకున్నంత ఎక్కువేమీ కాదు. రెండింటిలోనూ అదృశ్య లోకం ఉంది. అయితే హౌటన్ దాన్ని ఆత్మల పేర్లతో చెప్పింది. కాండిన్‌స్కీ సంగీతం, మనస్తత్వం, వర్ణసిద్ధాంతాల భాషలో చెప్పాడు. విద్యావంతుల సమాజం రెండవ భాషను స్వీకరించింది.

రంగు భావాన్ని నేరుగా చేరవేస్తుందన్న వాదాన్ని పరీక్షించడానికి పసుపు ఒక్కటి చాలు. కాండిన్‌స్కీకి పసుపు భూమికి చెందినది, చూసేవారి మీదికి దూసుకువచ్చేది, తీవ్రమైతే కలవరపెట్టేది. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో అనీబిసెంట్, లెడ్‌బీటర్ కలిసి రాసిన ‘ఆలోచనారూపాలు’ అనే అర్థం గల పుస్తకంలో రంగులకు అర్థాలు చెప్పే పట్టిక ఉంది. అందులో పసుపు బుద్ధికి సంకేతం. నాట్యశాస్త్రంలో పసుపు అద్భుతరసపు వర్ణం. ఒకే రంగుకు మూడు సంప్రదాయాలు మూడు భావాలు చెప్పాయి. రంగుకు ప్రభావం లేదని దీని అర్థం కాదు. ఆ ప్రభావానికి పెట్టే పేరు సంప్రదాయం నుంచి వస్తుందని అర్థం. మమ్మటుడు కన్నీటి గురించి చెప్పిన అనిశ్చితి రంగుకూ వర్తిస్తుంది.

6. కలకత్తా: 1903 నుంచి 1922 దాకా

భారతదేశంలో నీటిరంగు భావవాహకంగా రూపొందడానికి వేరే నేపథ్యం ఉంది. 1903లో జపాన్ చిత్రకారులు యొకొయామా తైకాన్, హిషిదా షున్‌సో కలకత్తా వచ్చారు. గట్టి గీతను తగ్గించి, రంగును పొగమంచులా పరిచే వారి పద్ధతిని జపాన్ విమర్శకులు మసకబారిన శైలి అని ఎగతాళి చేశారు. వారి ప్రభావంతో అవనీంద్రనాథ్ ఠాగూర్ వాష్ పద్ధతిని రూపొందించాడు. రంగు వేసిన కాగితాన్ని నీటిలో ముంచి, ఆరాక మళ్లీ రంగు వేసి, మళ్లీ ముంచే పద్ధతి ఇది. ప్రతి మునకతో అంచులు మెత్తబడి చిత్రమంతా ఒకే వర్ణచ్ఛాయలోకి వస్తుంది.

ఈ చిత్రాల్లో రూపం పోలేదు. మనిషి ఉన్నాడు, కథ ఉంది. కానీ భావాన్ని మోసే భారం ముఖకవళికల నుంచి, భంగిమ నుంచి మెల్లగా వర్ణచ్ఛాయకు బదిలీ అయింది. విభావం ఉంటూనే పలుచబడింది. షడంగాల గురించి విస్తరించి రాసిన అవనీంద్రనాథ్ వాష్ పద్ధతికి కూడా ఆద్యుడు కావడం గమనార్హం.

ఈ నేపథ్యంలోనే 1922 డిసెంబరులో ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ కలకత్తాలో నిర్వహించిన వార్షిక ప్రదర్శనలో జర్మనీలోని బౌహౌస్ కళాకారుల రచనలను ఉంచారు. కాండిన్‌స్కీ, పాల్ క్లే, జోహానెస్ ఇటెన్, లయొనెల్ ఫైనింగర్ రచనలు వాటిలో ఉన్నాయి. క్లే 1914లో ట్యునీషియా యాత్రలో చూసిన పట్టణాలను రంగు చదరాలుగా మార్చి నీటిరంగులో చిత్రించినవాడు. అదే ప్రదర్శనలో బెంగాలీ చిత్రకారుల రచనలూ ఉన్నాయి. ఘనవాద ప్రభావంతో వెలుగునీడలను ముక్కలుగా విరిచి నీటిరంగు చిత్రాలు వేస్తున్న గగనేంద్రనాథ్ ఠాగూర్ గురించి కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్‌రిష్ ఆ ఏడాదే ‘రూపం’ పత్రికలో రాసింది. కలకత్తా ప్రదర్శన ఏర్పాటులో ఆమెకు ముఖ్యపాత్ర ఉంది. 1924లో చిత్రసూత్రానికి ఆంగ్లానువాదం ప్రచురించింది కూడా ఆమే. చిత్రానికి తొమ్మిది రసాలు చెప్పిన గ్రంథాన్నీ, రూపాన్ని విడిచిన చిత్రాలనూ ఒకే వ్యక్తి ఒకే కాలంలో పరిచయం చేసింది. యూరప్‌లో నైరూప్య చిత్రానికి తోడు నడిచిన మాట ఆత్మల భాష, సంగీత భాష. కలకత్తాలో దానికి రసభావాల పరిభాష కూడా అందుబాటులో ఉంది. అయితే ఆ పరిభాష రూపాశ్రితం కాబట్టి, దాన్ని నైరూప్యానికి అన్వయించే పని మిగిలిపోయింది.

7. తెలుగునాట

వాష్ పద్ధతి మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ బోధన ద్వారా తెలుగువారికి చేరింది. అడివి బాపిరాజు ఆయన వద్ద చిత్రకళ అభ్యసించాడు. అప్పటి తెలుగు చిత్రాలు ప్రధానంగా పురాణ, గ్రామజీవన ఇతివృత్తాలకు కట్టుబడినవి. రూపాన్ని పూర్తిగా విడవడం తరువాతి తరాల పని. అయితే నైరూప్యాన్ని చదవడానికి కావలసిన భాషను సిద్ధం చేయడంలో తుమ్మపూడికి చెందిన సంజీవదేవ్ (1914–1999) కృషి గుర్తించదగినది. స్వయంగా ప్రకృతి దృశ్యాలను చిత్రించిన ఆయన, చిత్రాన్ని ఇతివృత్తంగా కాక వర్ణంగా, లయగా, అనుభూతిగా చదవడాన్ని తెలుగు వచనంలో అలవాటు చేశాడు. తెలుగు సాహిత్య శాఖల్లో ఆయన వ్యాసాలను వచనశైలికి ఉదాహరణలుగా చదవడంతో సరిపెట్టకుండా, చిత్రపఠన శాస్త్రంగా పరిశీలించవలసిన అవసరం ఉంది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

• నైరూప్య నీటిరంగు చిత్రంలో విభావం లోపిస్తుంది. అనుభావం మాత్రం నీటి జాడగా, చేతి జాడగా మిగిలి ఉంటుంది. అందువల్ల భావం అందుతుంది. కానీ అది ఏ భావమన్నది నిశ్చయం కాదు.

• ఆ అనిశ్చితిని తీర్చేది చూసేవారి ఆక్షేపం. దానికి దారి చూపేది చిత్రంతో పాటు నడిచే మాట. సూచీలోని శీర్షిక, కాగితం వెనుక రాత, సిద్ధాంత గ్రంథం, ప్రదర్శన పట్టిక ఇవన్నీ ఆ మాటకు రూపాలే.

• నీటిరంగుకు ఉన్న చిత్తు స్థాయి దానికి రూపాన్ని విడిచే స్వేచ్ఛ ఇచ్చింది. ఆ స్థాయే దాని చరిత్రను అస్పష్టంగా ఉంచింది.

• ‘మొదటి’ నైరూప్య చిత్రకారుడెవరన్న ప్రశ్నకు తేదీలతో మాత్రమే జవాబు దొరకదు. 1871లో 155 చిత్రాలు గోడలకెక్కినా అవి లెక్కలోకి రాలేదు. 1910 అన్న సందేహాస్పదమైన తేదీ ఉన్న ఒక్క కాగితం లెక్కలోకి వచ్చింది. ఎవరి మాటకు గౌరవం ఉందన్నదే ఈ తేడాకు ప్రధాన కారణం.

• రససిద్ధాంతాన్ని నైరూప్య కళకు అన్వయించేటప్పుడు రంగుకూ రసానికీ పట్టికలు కలపడం కన్నా, అనుభావ, ఆక్షేప భావనలను ఆధారం చేసుకోవడం ఫలవంతమైన మార్గం.

హౌటన్ తన చిత్రాల వెనుక రాసిన వివరణలను నేటి ప్రేక్షకులు నమ్మరు. అయినా చిత్రాల ముందు నిలబడుతున్నారు. ఆమె చెప్పిన విభావం తొలగిపోయాక కూడా గీత కదలిక వారిని కట్టిపడేస్తూనే ఉంది. కాండిన్‌స్కీ సిద్ధాంతం కూడా ఏదో ఒకనాడు అదే విధంగా తొలగిపోవచ్చు. అప్పుడు ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, వాటి మీద మిగిలిన జాడ ఆధారంగా మాత్రమే పోల్చి చూడడం సాధ్యమవుతుంది.